చేతులతో నడుపు కారు

అనంతపురము సీమలో దూరము అను మాటకు ప్రత్యేకమైన అర్థము కలదు. 2022వ సంవత్సరమున శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడువరకు ఈ జిల్లా వైశాల్యము 19,130 చదరపు కిలోమీటర్లు. రాష్ట్రమునందలి జిల్లాలన్నిటిలోను ఇదియే పెద్దదిగా నుండెను. పడమటి కనుమల చాటున ఉండుటచే నైరుతి ఋతుపవనములు ఇచ్చటికి చేరునప్పటికే వాని నీరు చాలవరకు కురిసిపోవును. తూర్పు తీరమునకు దూరమగుటచే ఈశాన్య ఋతుపవనముల ఫలమును అంతంతమాత్రమే. ఏటికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అట్టి నేలపై ఊళ్లు దగ్గరదగ్గరగా వెలయవు. వేరుశనగ చేలు, రాతిగుట్టలు, ఎండిన చెరువులు దాటుకొని పోగా పోగా మరియొక ఊరు కనిపించును. కల్యాణదుర్గము నుండి అనంతపురమునకు సుమారు 60 కిలోమీటర్లు. కాళ్లు చక్కగా ఉన్నవానికి ఇది ఒక బస్సు ప్రయాణము మాత్రమే. కాళ్లు ఆడనివానికి బస్సు మెట్టే మొదటి కొండ.

అతడు ఆసుపత్రికి పోవలెనన్నను, కళాశాలకు పోవలెనన్నను, సంతలో సరకు అమ్ముకొనవలెనన్నను మొదట ఇంకొకరిని బ్రతిమాలవలెను. ఎత్తి కూర్చుండబెట్టుటకు ఒకరు, దింపుటకు ఒకరు కావలెను. తోడువచ్చిన అన్నకో తమ్మునికో ఆనాటి కూలి పోవును. కరవు సీమలో ఒకనాటి కూలి చిన్న విషయము కాదు. అందుచే ఎన్నో ప్రయాణములు “వచ్చే వారము చూతములే” అను మాటతో ఆగిపోవును.

ఈ సీమలో కాళ్ల బలము కోల్పోవుటకు కారణములు పెక్కు. ఒకప్పుడు ముఖ్యమైనది పోలియో. మన దేశమున చివరి పోలియో రోగి 2011 జనవరిలో పశ్చిమబెంగాలునందలి హౌరా జిల్లాలో కనిపించెను; 2014 మార్చి 27న మన దేశము పోలియోరహితమని ధ్రువీకరింపబడెను. కావున పోలియోచే కాలు సన్నబడినవారు నేడు ఎక్కువగా పెద్దవారు. యువకులలో రహదారి ప్రమాదములవలనను, చెట్ల మీదినుండియు మిద్దెల మీదినుండియు పడుటవలనను వెన్నుపాము దెబ్బతినినవారు ఉన్నారు. మూడవ కారణము కరవుతోనే పుట్టినది. వానలు లేక చెరువులు ఎండగా జనులు బోరుబావులను లోతుగా త్రవ్విరి. కొన్ని గ్రామములలో ఆ లోతు నీటిలో ఫ్లోరైడు అధికముగా నుండుటచే, దానిని ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలు, కీళ్లు బిగిసి వంకరలు తిరిగినవి. నీరు లేకపోవుట ఒక బాధ. దొరకిన నీరే కీడు చేయుట మరియొక బాధ.

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమునకు వచ్చి స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అనగా జనులు ఆర్డీటీ అని పిలుచు సంస్థ, ఇట్టివారికి కృత్రిమాంగములు, కాలికి కట్టు ఊతకడ్డీలు తయారుచేయు కర్మశాలలను నడిపినది. ఊతకడ్డీ మనిషిని నిలువబెట్టగలదు, పది అడుగులు వేయింపగలదు. అరువది కిలోమీటర్లు నడిపింపజాలదు గదా!

మీ ఊరిలో వెనుక ప్రక్కల రెండు అదనపు చక్రములు అమర్చిన స్కూటరును మీరు తప్పక చూచియుందురు. ఆ ఉపాయమును కొంచెము పరిశీలింపుడు. స్కూటరుకు వేగము పెంచునది కుడిచేతి పిడి. గేర్లులేని స్కూటరులో, అనగా 1984లో మన దేశమున వెలువడిన కైనెటిక్ హోండా వంటి బండిలో, క్లచ్చు పనియే లేదు. కాలికి మిగిలినది ఆగినపుడు బండి పడకుండ ఆనించుట. ఆ పనిని రెండు చిన్న చక్రములు చేయును. చిన్న పట్టణములోని వెల్డింగు దుకాణములోనే ఇంత మేలు జరుగుటకు కారణమిదియే: స్కూటరు మొదటినుండియు చేతుల బండి. అయితే మే నెల ఎండలో, గాలివానలో, లారీలు పరుగిడు 44వ నంబరు జాతీయ రహదారిపై అది చాలదు. ముసలి తల్లిని, ఇద్దరు బిడ్డలను, చక్రాల కుర్చీని దానిపై ఎక్కించుటయు వీలుకాదు.

కారు అట్లు కాదు. అది పాదముల బండి. చక్రము త్రిప్పుట తప్ప ముఖ్యమైన పనులన్నియు క్రింద పెడళ్లవద్ద జరుగును. కుడి పాదము వేగమును పెంచును, బ్రేకును నొక్కును. ఎడమ పాదము క్లచ్చును నొక్కును. ఇది ప్రకృతి నియమమేమియు కాదు, కట్టినవారు ఏర్పరచుకొన్న అలవాటు. ప్రసిద్ధమైన ఫోర్డు టి నమూనా కారులో వేగమును పెంచు మీట స్టీరింగు క్రిందనే ఉండి చేతితో కదలెడిది.

ఈ సంగతిని ప్రపంచమునకు బాగుగ చాటినవాడు అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు. 1921లో, తన 39వ ఏట, ఆయనకు వ్యాధి సోకి రెండు కాళ్లును పడిపోయెను. జార్జియా రాష్ట్రమున వార్మ్ స్ప్రింగ్స్ అను చోట వేడినీటి చికిత్సకై ఉండిన దినములలో ఆయన ఒక ఫోర్డు కారుకు చేతి మీటలు అమర్పించుకొని తానే నడుపుకొనుచు పల్లెల వెంట తిరిగెను. పొలము గట్టున కారు ఆపి, అందులో కూర్చుండియే, రైతులతో పంటలను గూర్చియు అప్పులను గూర్చియు మాటలాడెడివాడు. ఆ మీటలు లేనిచో ఆయనకు పల్లెలు తెలియుట కష్టమై యుండెడిది. తరువాత ఆయన వాడిన 1936 నాటి ఫోర్డు కారును, చేతి మీటలతో సహా, హైడ్ పార్కునందలి మ్యూజియములో నేటికిని చూడవచ్చును.

ఇక ఆ మీట పనిచేయు తీరును చూతము. స్టీరింగు కాండము ప్రక్కన ఒక మీట బిగింతురు. దానినుండి ఒక ఉక్కుకడ్డీ బ్రేకు పెడలు వరకు పోవును. ఒక సన్నని తీగగాని మరియొక కడ్డీగాని వేగపు పెడలు వరకు పోవును. మీటను ముందునకు, అనగా ఇంజను వైపునకు, నెట్టినచో బ్రేకు పడును. తన వైపునకు లాగినచో, కొన్ని అమరికలలో క్రిందికి వంచినచో, వేగము హెచ్చును. చేయి వదలినంతనే వేగపు పెడలు తన స్థానమునకు తిరిగివచ్చును.

నెట్టుట బ్రేకుకును, లాగుట వేగమునకును ఏల కేటాయించిరి? తారుమారు చేయరాదా? ఎదుట ఒక మేక అడ్డము వచ్చినదనుకొనుడు. బండి ఒక్కసారిగా వేగము తగ్గినపుడు మన దేహము ముందునకు తూలును. అట్లు తూలిన దేహభారము మీటను ముందునకే నెట్టును. బ్రేకు మరింత గట్టిగా పడును. ముందునకు నెట్టుట వేగమునకు పెట్టియుండినచో, ఆపదలో తూలిన దేహమే బండిని మరింత ఉరికించెడిది. జడత్వమును గూర్చి మీరు విజ్ఞానశాస్త్రములో చదివిన పాఠము ఇచ్చట ఒక ప్రాణమును కాపాడుచున్నది.

రెండవ ప్రశ్న బలమునకు సంబంధించినది. కాలికున్న బలము చేతికి లేదు. దీనికి మీట సూత్రమే ఉపాయము. పెడలును నొక్కుటకు 18 కిలోల బరువంత ఒత్తిడి కావలెననుకొందము. ఆధారబిందువు నుండి చేయి పట్టు చోటు, కడ్డీ తగిలిన చోటుకంటె మూడు రెట్లు దూరమున ఉండినచో, చేతికి 6 కిలోల ఒత్తిడి చాలును. అయితే ప్రకృతి ఏదియు ఊరక ఇయ్యదు. పెడలు 5 సెంటీమీటర్లు కదలుటకు చేయి 15 సెంటీమీటర్లు కదలవలెను. అంత చోటు మోకాళ్లకు, స్టీరింగునకు నడుమ ఉన్నదా లేదా అని పనివాడు కొలిచి చూచుకొనవలెను. నేటి కార్లలో ఇంజను కల్పించు శూన్యబలము బ్రేకునకు తోడ్పడును. కాని నడుచుచుండగా ఇంజను ఆగిపోయినచో ఆ తోడ్పాటు కొద్దిసేపటిలోనే పోవును. కావున చేతి బలము ఒక్కటే మిగిలినపుడును బండి ఆగునా అని పరీక్షించి చూడని అమరికను నమ్మరాదు. బ్రేకునకు తీగను గాక కడ్డీనే వాడుటయు ఇందుకే. తీగ సాగును, నరములు తెగును. వేగపు తీగ తెగినచో బండి నిలిచిపోవును, అంతే. బ్రేకు తీగ తెగినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

ఒక చేయి ఎల్లప్పుడు మీటపై నుండవలెను గనుక రెండవ చేయి ఒంటరిగా చక్రమును త్రిప్పవలెను. దానికై చక్రపు అంచున బొంగరము వలె తిరుగు ఒక గుండ్రని పిడిని బిగింతురు. వెన్నుపాము దెబ్బతినినవారి కాళ్లు అప్పుడప్పుడు వారి ఇచ్ఛ లేకయే బిగుసుకొని ఎగిరిపడును. ఆ పాదము వేగపు పెడలుకు తగులకుండ ఒక రేకు అడ్డు పెట్టవలెను. ఈ రేకు ఖర్చు స్వల్పము. మరచిపోవువారు మాత్రము అనేకులు.

మిగిలినది క్లచ్చు. చాలకాలము మన దేశమున దీనివద్దనే పని చిక్కుపడెను. రెండు చేతులతో చక్రము, వేగము, బ్రేకు, గేరు, క్లచ్చు అను అయిదు పనులు చేయుట అష్టావధానము వంటిది. తమంత తాము గేర్లు మార్చుకొను కార్లు ధనవంతులకే అందుబాటులో ఉండెను. 2014లో మారుతి సంస్థ సెలీరియో కారులో, మామూలు గేరుపెట్టెకే యంత్రపు చేతిని తగిలించి క్లచ్చు పెడలును తొలగించిన పద్ధతిని ప్రవేశపెట్టెను. తక్కువ ధర గల కారులో క్లచ్చు పెడలు లేకుండుట అప్పుడు సాధ్యమైనది. ఆ మార్పు నగరపు రద్దీలో విసిగిన వారికై వచ్చినదే. కాని దానివలన ఎక్కువ మేలు పొందినవాడు ఎడమకాలు లేనివాడు. అతనికి వేరే అమరికయే అక్కరలేదు! కుడికాలు మాత్రము లేనివానికి వేగపు పెడలును ఎడమ ప్రక్కకు మార్చిన చాలును. రెండు కాళ్లును ఆడనివానికే చేతి మీట. ఇందువలన మొదట కొలువవలసినది కారును కాదు, నడుపువాని దేహమును.

మన ఎండ విషయము ఇతర దేశముల పుస్తకములలో అంతగా కనిపించదు. వెన్నుపాము తెగినవారికి దెబ్బ క్రింది భాగమున స్పర్శ ఉండదు. ఏప్రిల్ మధ్యాహ్నము ఎండలో నిలిపిన కారులో బెల్టు కొక్కెము కాలియుండును. అది తొడకు తగిలి బొబ్బలెక్కినను వారికి తెలియదు. దెబ్బ మెడకు దగ్గరగా తగిలినవారికి చెమట సరిగా పట్టదు, దేహము చల్లబడదు. కావున వారికి కారులోని చల్లని గాలి విలాసము కాదు, వైద్యము. కదలక కూర్చున్న చోట పుండ్లు పడకుండ మెత్తని దిండు కావలెను. దూరప్రయాణములో మధ్యమధ్య ఆగి, చేతులపై బరువు మోపి దేహమును కొంచెము పైకెత్తవలెను. నడుము పట్టులేనివారు మలుపులలో ఒరిగిపోకుండ ఛాతీకి ఇంకొక పట్టీ కట్టుకొనవలెను.

చట్టమును గూర్చియు కొంత తెలిసికొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము వికలాంగుల బండిని నిర్వచించుచు, అది ప్రత్యేకముగ నిర్మింపబడినదై యుండవలెననియు, మామూలు బండికి మార్పులు చేసినంతమాత్రమున చాలదనియు చెప్పెను. ఈ భావము ఆంగ్లదేశమునుండి వచ్చినది. అచ్చట ప్రభుత్వము నీలిరంగు మూడు చక్రముల చిన్న బండ్లను వికలాంగులకు ఇచ్చెడిది. ఒక్కరే కూర్చుండదగిన ఆ బండ్లు క్షేమకరములు కావని 2003లో రహదారులనుండి తొలగింపబడెను. మన పార్లమెంటు 2019లో చట్టమును సవరించి, మార్పులు చేయబడిన మామూలు బండికిని స్థానము కల్పించెను. యజమాని తన బండిని ఇట్లు మార్పించుకొని, తరువాత నమోదు అధికారి ఆమోదమును పొందవచ్చును. ఇది మంచి మార్పు. చేతి మీట అమర్చినను పెడళ్లు యథాస్థానముననే యుండును గనుక, అతనికి జ్వరము వచ్చిన దినమున కూతురో తమ్ముడో కాళ్లతో నడిపి అతనిని గొనిపోగలరు.

కొందరు మీట బిగించుకొని, కాగితముల పనిని వాయిదా వేయుదురు. ఇది ప్రమాదకరము. నమోదు కాని మార్పు గల బండి వలన నష్టము జరిగినపుడు బీమా సంస్థ పరిహారమునకు అభ్యంతరము చెప్పవచ్చును. సదరము ధ్రువపత్రము, మార్పునకు ఆమోదము, అట్టి బండిని నడుపుటకు వేరుగా ఇచ్చు లైసెన్సు, ఈ మూడును చేతనుండవలెను. లైసెన్సు అధికారి చూడవలసినది ఇతనికి కాళ్లున్నవా అని కాదు. ఈ బండిని ఇతడు క్షేమముగ నడుపగలడా అని.

నేర్చుకొనుటకు కొంతకాలము పట్టును. ఇంతకుముందు కాళ్లతో కారు నడిపినవారికే ఇది కష్టము. ఆపద తోచగానే వారి మనస్సు ఇంకను లేని పాదమునే పిలుచును. క్రొత్తగా నేర్చువాని చేయి తిన్నగా మీటకే పోవును. మొదట ఎండిన చెరువు వంటి విశాలమైన బయలులో, ప్రక్కన తెలిసినవాడు కూర్చుండగా, ఆగుటయే అభ్యసించవలెను. వేగము తరువాత. మిట్టపై ఆగి వెనుకకు జారక మరల కదలుట, ఒంటిచేత చక్రము త్రిప్పుచు వెనుకకు వచ్చుట, ఇవి చివరకు నేర్వవలసినవి.

2019 నుండి పెనుకొండవద్ద ఎఱ్ఱమంచిలో కియా కార్ల కర్మాగారము నడుచుచున్నది. వేరుశనగ పండక వలసపోయిన సీమనుండి నేడు కార్లు దేశదేశములకు పోవుచున్నవి. ఆ రహదారి వెంబడి, మీట అమర్చిన తన కారులో ఒకడు ఎవరిని బ్రతిమాలక అనంతపురము చేరగలడు. చేరి, తలుపు తెరచి, చక్రాల కుర్చీని దింపుకొని, పలకపై జారి అందులో కూర్చుండి కార్యాలయపు వాకిటికి పోవును. అచ్చట మెట్లుండును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సార్వజనిక భవనములన్నిటిని అందరికి అనువుగ మార్చుటకు, నియమములు వెలువడిన నాటినుండి అయిదేండ్ల గడువిచ్చెను. నియమములు 2017 జూన్‌లో వెలువడినవి. గడువు 2022లో తీరినది. మెట్ల ప్రక్కన వాలుబాట లేని భవనములు ఇంకను ఉన్నవి.