బ్యాటరాంగ్ నిజంగా తిరిగొస్తుందా?

బ్యాట్‌మ్యాన్ తుపాకీ ఎందుకు పట్టడు? గబ్బిలం ఆకారంలో ఉండే ఆ రెక్కనే ఎందుకు విసురుతాడు? పిల్లలు తరచూ అడిగే ప్రశ్నలివి. బాబ్ కేన్, బిల్ ఫింగర్ సృష్టించిన ఈ వీరుడు 1939 మే తేదీతో వచ్చిన 'డిటెక్టివ్ కామిక్స్' 27వ సంచికలో తొలిసారి కనిపించాడు. తొలి కథల్లో అక్కడక్కడా తుపాకీ పట్టాడు కూడా. సెప్టెంబరు సంచికలో, గార్డ్‌నర్ ఫాక్స్ రాసిన కథలో, ఆ రెక్క, అంటే బ్యాటరాంగ్, అతని చేతికొచ్చింది. అతని చిన్నతనంలో కళ్లెదుటే ఒక దొంగ అమ్మానాన్నల్ని కాల్చి చంపాడన్న సంగతి నవంబరు సంచికలో బయటపడింది. ఆ తర్వాత కొద్దికాలానికే సంపాదకుడు విట్నీ ఎల్స్‌వర్త్ బ్యాట్‌మ్యాన్ చంపకూడదు, తుపాకీ ముట్టకూడదు అని కట్టడి చేశాడు. ప్రాణం తీయకుండా దొంగ చేతిలోని తుపాకీని ఎగరగొట్టాలంటే విసిరే ఆయుధమే తగినది. దానికే తాడు కట్టి మేడలెక్కే కొక్కెంగానూ వాడుకున్నాడు.

మరి విసిరింది తిరిగి ఎలా వస్తుంది? దీనికి నమూనా ఆస్ట్రేలియా ఆదివాసుల బూమరాంగ్. వాళ్లు వేటకు వాడే బరువైన కర్రల్లో చాలావరకు తిరిగి రావు, తిన్నగా పోయి జంతువుకు తగులుతాయి. తిరిగొచ్చేది తేలికైన రకం. దాన్ని దాదాపు నిలువుగా పట్టుకుని, మణికట్టు విదిలించి, గిర్రున తిరిగేలా విసరాలి. దాని చేతులు విమానం రెక్కల్లా ఒకవైపు ఉబ్బుగా ఉంటాయి కాబట్టి గాలి వాటిని పక్కకు నెడుతుంది. తిరిగేటప్పుడు పైనున్న చేయి ముందుకు, కిందిది వెనక్కి కదులుతుంది. ఆయుధం మొత్తం ముందుకే పోతోంది కనుక గాలిలో పైచేయి వేగం ఎక్కువ, దానిమీద నెట్టుడూ ఎక్కువే. అలాగైతే పక్కకు పడిపోవాలి కదా? పడదు. తిరుగుతున్న బొంగరాన్ని వేలితో తోస్తే తోసిన వైపుకు కాకుండా దానికి అడ్డంగా ఒరుగుతుంది. ఇక్కడా అంతే. బూమరాంగ్ ఒరిగిపోయే బదులు దారి మళ్లించుకుంటూ వలయం చుట్టి వస్తుంది.

ఇప్పుడు బ్యాటరాంగ్‌ను దగ్గరగా చూడండి. కుడి రెక్క, ఎడమ రెక్క అద్దంలో బొమ్మల్లా ఒకేలా ఉంటాయి. గిర్రున తిరిగేటప్పుడు ఒక రెక్క తల ఉన్న వైపు అంచుతో గాలిని చీల్చుకుపోతే, రెండోది తోక వైపున్న వంపుల అంచుతో పోతుంది. కాబట్టి ఒకదానికి పై అంచు మందంగా, రెండోదానికి కింది అంచు మందంగా చెక్కాలి. బొమ్మల్లో ఎవరూ అలా గీయరు. పైగా రెండు వైపులా కత్తిలా సానపెడతారు, దాంతో ఉబ్బే మిగలదు. బ్యాట్‌మ్యాన్ తిరిగే గోథమ్ నగరపు సందుల్లో చోటూ చాలదు. మంచి బూమరాంగ్ చుట్టి రావడానికి 20 మీటర్లకు పైగా ఖాళీ కావాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది: దేనికైనా తగిలితే దాని వేగం, తిరుగుడు పోతాయి. దొంగను కొట్టి మళ్లీ చేతికి రావడం కామిక్స్ పేజీలోనే జరిగే పని. 2005లో వచ్చిన 'బ్యాట్‌మ్యాన్ బిగిన్స్' సినిమా ఈ విషయంలో నిజాయితీగా ఉంది. అందులో బ్యాట్‌మ్యాన్ ముసుగు వెనకున్న బ్రూస్ వేన్ చిన్న రెక్కల్ని తనే సానపట్టుకుంటాడు, విసిరాక తిరిగి వస్తాయని ఆశించడు.

తిరిగొచ్చే తీరు చూడాలనుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. గట్టి అట్టతో 15 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీలు రెండు కత్తిరించి, కూడిక గుర్తులా పెట్టి మధ్యలో పిన్ను కొట్టండి. నాలుగు కొసల్నీ ఒకే వైపుకు కాస్త వంచండి. వంచిన వైపు మీకేసి ఉండేలా నిలువుగా పట్టుకుని, మణికట్టు విదిలిస్తూ విసరండి. ఫ్యాను ఆపేసిన గదిలో ఇది చక్కగా తిరుగుతుంది. పిల్లలు అట్టదే విసరాలి. దుకాణాల్లో అమ్మే ఇనుప బ్యాటరాంగులను మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి.