సముద్రం మీద ఖాళీ రోజు

క్రూయిజ్ ఓడల వాళ్ళ భాషలో 'సీ డే' అని ఒక మాట ఉంది. ఆ రోజు ఓడ ఏ రేవులోనూ ఆగదు. దిగేది లేదు, ఎక్కేది లేదు, గైడు జెండా ఎటు పోతోందో చూసుకుంటూ పరిగెత్తేది లేదు. మెలకువ వచ్చినప్పుడు లేవడం, ఆకలేసినప్పుడు తినడం, కిటికీ పక్కన కూర్చుని సముద్రం చూడడం. అంతే పని. ఎండ కాసే ప్రాంతాల్లో సీ డే అంటే స్విమ్మింగ్ పూల్ చుట్టూ జాతర. చలి ప్రాంతాల్లో అలా కాదు. నార్వే తీరం వెంబడి ఫిబ్రవరి, మార్చి నెలల్లో తిరిగే ఓడల్లో జనం ఎక్కువసేపు లోపలే ఉంటారు. ఒళ్ళో ఉన్ని దుప్పటి, చేతిలో వేడి చాక్లెట్ కప్పు, అద్దం అవతల మంచు కొండలు. రాత్రికి ఆకాశం కరుణిస్తే నార్తర్న్ లైట్స్.

ఇందులో మన సబ్జెక్టు ఏముంది అనుకోకండి. ఆ కప్పులో చాక్లెట్ ఒలకకుండా ఉండడమే పెద్ద ఇంజనీరింగ్.

ముందు ఒక చిన్న సందేహం తీర్చుకుందాం. నార్వే పైభాగాన ఉన్న ట్రోమ్సో ఊరు దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, ఆర్కిటిక్ వలయం లోపల ఉంటుంది. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు కనపడడు. మరి అలాంటి చోట సముద్రం గడ్డకట్టకుండా ఓడలకి దారెలా ఇస్తోంది? అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చటి ప్రవాహం ఆ తీరాన్ని తాకుతూ పోతుంది. అది అసలు కారణం. దానికి తోడు ఉప్పునీటి స్వభావం. సముద్రపు నీరు గడ్డకట్టాలంటే సుమారు మైనస్ 1.8 డిగ్రీలకి దిగాలి. చెరువు నీరైతే 4 డిగ్రీల దగ్గర బాగా బరువెక్కుతుంది, ఇంకా చల్లబడితే తేలికై పైనే ఉండిపోయి అక్కడే మంచు కడుతుంది. సముద్రపు నీరు మాత్రం గడ్డకట్టేదాకా బరువెక్కుతూనే ఉంటుంది. పైన చల్లబడింది కిందికి దిగుతుంది, కింద ఉన్న వెచ్చటిది పైకొస్తుంది. కాబట్టి పైపొర ఒక్కటీ చల్లబడితే చాలదు.

సరే, దారి దొరికింది. ఇక ఊగడం సంగతి. పెద్ద క్రూయిజ్ ఓడల పొట్టకి రెండు పక్కలా, నీటి మట్టానికి కింద, విమానం రెక్కల్లాంటి ఫిన్లు ఉంటాయి. వీటిని స్టెబిలైజర్లు అంటారు. ఓడ ఎటు ఒరుగుతోందో సెన్సర్లు కనిపెట్టగానే ఒక పక్క ఫిన్ నీటిని కిందికి తోస్తుంది, రెండో పక్కది పైకి తోస్తుంది. ఒరుగుడు తగ్గుతుంది. ముందూ వెనకా లేచి పడే ఊపుని మాత్రం అవి పెద్దగా ఆపలేవు. ఇంకో మెలిక కూడా ఉంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివిందే, లిఫ్ట్ వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఓడ వేగం సగమైతే ఫిన్ల బలం నాలుగో వంతుకి పడిపోతుంది. ఓడ ఆగిపోయిందంటే మామూలు ఫిన్లు ఉన్నా లేనట్టే.

అంటే చివరికి అంతా ఇంజన్ల మీదే నిలబడి ఉంది. ఇలాంటి చాలా ఓడల్లో డీజిల్ ఇంజన్లు నేరుగా ప్రొపెల్లర్ తిప్పవు. జనరేటర్లని తిప్పుతాయి. ఆ కరెంటుతోనే ప్రొపెల్లర్ మోటార్లు, వంటగది, లిఫ్టులు, గదుల హీటింగ్ అన్నీ నడుస్తాయి. ఇంజన్ వదిలేసే వేడిని కూడా పారేయరు. దాంతో సముద్రపు నీటిని తక్కువ పీడనంలో మరిగించి మంచినీళ్ళు చేసుకుంటారు. హాస్టల్లో కరెంటు పోతే మనకి పోయేది ఫ్యానూ వైఫైనే. అక్కడ మొత్తం ఆరిపోతే స్టీరింగూ, కదలికా కూడా పోయే ప్రమాదం ఉంది.

2019 మార్చి 23న సరిగ్గా అదే జరిగింది. 'వైకింగ్ స్కై' అనే ఓడ ట్రోమ్సో నుంచి దక్షిణాన స్టావాంగర్ వైపు వస్తోంది. 228 మీటర్ల పొడవు, కట్టి అప్పటికి రెండేళ్ళు. ఓడలో 1,373 మంది ఉన్నారు. అందులో 915 మంది ప్రయాణికులు. వాళ్ళకి అది సీ డేనే. కాకపోతే బయట తుపాను గాలి. దారిలో వచ్చే హుస్టాద్‌వికా అనే చోట తీరానికి అడ్డంగా దీవులు లేవు, నీటి అడుగున రాళ్ళు మాత్రం బోలెడు.

ఓడలో జనరేటర్ ఇంజన్లు నాలుగు. ఒకదాని టర్బోచార్జర్ పాడై అది పనిచేయడం లేదు. మిగిలిన మూడిటితోనే ప్రయాణం. ఆ మూడిటి అడుగున ఉండే లూబ్రికేటింగ్ ఆయిల్ ట్యాంకుల్లో ఆయిల్ సగం కూడా లేదు. తయారీదారు ఉంచమన్నది మూడింట రెండొంతులకి పైన. (బండికి ఆయిల్ చెక్ చేయించడం ఆర్నెల్లుగా వాయిదా వేస్తున్నవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగొచ్చు.)

సగం ఖాళీ అయిన వాటర్ బాటిల్‌ని పడుకోబెట్టి అటూ ఇటూ ఊపి చూడండి. నీళ్ళు ఓ మూలకి పోతాయి, ఇంకో మూల ఖాళీ. ఆయిల్ పంపు గొట్టం ఆ ఖాళీ మూలలో ఉందనుకోండి, పీల్చేది గాలినే. ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. బేరింగులు అరిగి ఇంజన్ నాశనమయ్యేలోపు రక్షణ వ్యవస్థ ఇంజన్ని ఆపేస్తుంది. ఇంజన్ని కాపాడడానికి పెట్టిన ఏర్పాటే అది. ఓడకి ఆ క్షణంలో ఇంజన్ ఎంత అవసరమో దానికి తెలీదు.

విచారణలో తేలిన వాటిలో నన్ను అన్నిటికన్నా పట్టి కుదిపింది ఒకటుంది. ఆ పొద్దున 5 గంటల నుంచి 9 గంటలు దాటేదాకా ఆయిల్ తక్కువుందని అలారాలు 18 సార్లు మోగాయి. మోగిన ప్రతిసారీ కొన్ని సెకన్లలోనే ఆగిపోయాయి. ఓడ ఇటు ఒరిగితే అలారం, అటు ఒరిగితే ఆయిల్ వెనక్కొచ్చి నిశ్శబ్దం. ఆగిపోయిన అలారాన్ని సమస్య తీరిపోయిందనే అనుకుంటాం, మనమైనా అంతే. నిజానికి ట్యాంకులో ఎంత ఆయిల్ ఉందో ఆ 18 సార్లూ అలారం సరిగ్గానే చెప్పింది. పై అంతస్తుల్లో అది టిఫిన్ల వేళ.

మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో, కొద్ది నిమిషాల తేడాలో ఇంజన్లు ఆగిపోయాయి. ఓడంతా చీకటి. ప్రొపెల్లర్లు ఆగాయి. గాలి ఓడని రాళ్ళ వైపు నెట్టడం మొదలెట్టింది. కెప్టెన్ మేడే పిలుపు ఇచ్చాడు. లంగర్లు దించారు, అవి పట్టు దొరక్క జారాయి. లోపల సోఫాలూ పూలకుండీలూ ఈ చివర నుంచి ఆ చివరకి జారుతున్నాయి, సీలింగ్ పలకలు ఊడి పడుతున్నాయి. ఆ వీడియోలు ఇప్పటికీ నెట్‌లో దొరుకుతాయి. కింద సిబ్బంది ట్యాంకుల్లో ఆయిల్ నింపి, ఇంజన్లు ఒక్కోటీ మళ్ళీ అందుకునేలా చేసి, ఓడ మెల్లగా ముందుకి జరిగే స్థితికి వచ్చేసరికి దాదాపు 40 నిమిషాలు పట్టింది. అప్పటికి ఓడకీ నేల తాకే చోటుకీ మధ్య మిగిలింది ఒక ఓడ పొడవంత దూరం కూడా లేదని విచారణ సంస్థ అంచనా.

తరవాత హెలికాప్టర్లు వచ్చాయి. ఒక్కొక్కరినీ తాడుతో పైకి లాగుతూ రాత్రంతా ఎగిరి, మర్నాడు పొద్దుటికి 479 మందిని ఒడ్డుకి చేర్చాయి. మధ్యలో దగ్గర్లోనే ఒక సరుకు ఓడ ఇంజన్ కూడా ఆగిపోతే వాటిలో కొన్ని అటు పరిగెత్తి ఆ తొమ్మిది మంది సిబ్బందినీ కాపాడాయి. దెబ్బలు తగిలాయి కానీ ఎవరి ప్రాణమూ పోలేదు.

విచారణ నివేదిక ఒక్కరి మీదే తప్పు వేయలేదు. ఆయిల్ మట్టం తక్కువ. ట్యాంకు ఆకారమే నిబంధనలు అడిగినంత ఒరుగుడుకి తట్టుకునేలా లేదు. నాలుగో ఇంజన్ లేకుండా ఆ ఓడ ట్రోమ్సో నుంచి కదలాల్సింది కాదు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా ఆ మధ్యాహ్నం ఎలా గడిచేదో! ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే నార్వే సముద్రయాన అధికారులు ఓడల కంపెనీలన్నిటికీ ఒక సూచన పంపారు. తుపానులోనూ ఇంజన్లకి ఆయిల్ సరిగ్గా అందేలా చూసుకోండి, ఎంత ఉంచాలో ఇంజన్ తయారీదారుని అడిగి తెలుసుకోండి అని.

మార్చి 24 సాయంత్రం ఆ ఓడ సొంత ఇంజన్ల మీదే, పక్కన టగ్ పడవల తోడుతో, మోల్డే రేవుకి చేరింది. ఓడలోనే ఉండిపోయిన 436 మంది ప్రయాణికులు అక్కడ దిగారు.