మైదానం నడిమధ్య మా ఊరి మనిషి

ఫుట్‌బాల్ ఆటలో గోలు వేసిన వాడి పేరు మర్నాడు పత్రికలో పడుతుంది. గోలు ఆపిన వాడి ఫొటో కూడా ఒక్కోసారి పడుతుంది. ఆ ఇద్దరికీ నడుమ గంటన్నర సేపు పరుగెత్తుతూ, బంతి అందుకుని, ఎవరికి ఇవ్వాలో వారికి, సరిగ్గా ఇవ్వవలసిన క్షణాన ఇచ్చేవాడి పేరు మాత్రం చాలాసార్లు ఎక్కడా కనబడదు. అతన్నే మిడ్‌ఫీల్డర్ అంటారు. అలాంటి ఒక ఆటగాణ్ణి, ఆట మానేసి ఇరవై ఏళ్ళు దాటినా, నేటికీ పేరు పెట్టి తలుచుకునే అభిమానుల గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం. ఆయన పేరు కార్ల్‌టన్ చాప్‌మన్. మా బెంగుళూరు ఆస్టిన్ టౌన్ కుర్రాడు. 1971లో పుట్టాడు. ఇంచుమించు నా ఈడు వాడే.

ఆటతో పరిచయం లేని సోదరీమణులకు మిడ్‌ఫీల్డర్ పని మా బ్యాంకు భాషలో చెబుతాను. ఖాతాదారుకు కనిపించేవాడు కౌంటర్లో నోట్లు లెక్కపెట్టి ఇచ్చే క్యాషియరు. కాని ఆ చెక్కు మీద సంతకం సరిచూసి, ఖాతాలో నిల్వ చూసి, ముందుకు పంపేవాడు లోపల ఒకడుంటాడు. అతన్ని పాసింగ్ ఆఫీసరు అంటాం. అతని బల్ల దగ్గర పని ఆగిందంటే బ్యాంకంతా ఆగినట్టే. మైదానంలో చాప్‌మన్ చేసింది ఆ ఉద్యోగమే. విచిత్రమేమంటే, ఆ ఆటలోనూ దాన్ని పాస్ అనే అంటారు!

నేను 1998లో ప్రమోషన్ మీద కలకత్తా వెళ్ళాను. భాష రాదు, ఊరు కొత్త. బ్రాంచిలో మొదటి వారంలోనే నన్నడిగిన ప్రశ్న, మీరు ఈస్ట్ బెంగాలా, మోహన్ బగానా అని. మోహన్ బగాన్ 1889లో పుట్టిన పాత క్లబ్బు. ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టింది. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదులుకుని తూర్పు బెంగాలు నుంచి వచ్చినవారికి ఈ రెండో క్లబ్బు ప్రాణం. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే వారిళ్ళలో ఇలిష చేప వండాలి. మోహన్ బగాన్ గెలిస్తే అవతలివారిళ్ళలో రొయ్యలు. ఇలిష అంటే మరేమీ కాదు, మన గోదావరిలో ఎదురీదే పులసే. పుస్తెలమ్మి పులస తినాలన్న సామెత యానాం పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. ఆ చేప పుణ్యమా అని నేను ఈస్ట్ బెంగాల్ పక్షం చేరాను.

చేరాక తెలిసింది, ఆ క్లబ్బుకూ మా బెంగుళూరుకూ పాత చుట్టరికం ఉందని. 1949 నుంచి కొన్నేళ్ళపాటు ఈస్ట్ బెంగాల్ ముందు వరుసలో ఆడిన అయిదుగురిని ఆ ఊరివాళ్ళు పంచపాండవులు అని పిలుచుకున్నారు. అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. వీరిలో అహ్మద్ ఖాన్ బెంగుళూరు వాడు. 1948, 1952 ఒలింపిక్స్‌లో దేశానికి ఆడాడు. ఆ అయిదుగురి కాలంలో 1949, 50, 51 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచారు. అయిదుగురిలో ఒక్కరూ బెంగాలీ కారు. అయినా ఆ పేర్లు అక్కడి ముసలివాళ్ళు ఇంట్లో పిల్లల పేర్లలా చెబుతారు.

చాప్‌మన్ ఆ దారినే వెళ్ళాడు. 1990ల ఆరంభంలో జంషెడ్‌పూర్ టాటా ఫుట్‌బాల్ అకాడమీలో తర్ఫీదు పొంది, 1993లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. ఆ సీజన్లోనే ఆసియా కప్ విన్నర్స్ కప్‌లో ఇరాక్ జట్టు అల్ జవ్రాపై ఈస్ట్ బెంగాల్ 6-2తో గెలిస్తే, అందులో మూడు గోల్సు ఈయనవే. తర్వాత పంజాబు జె.సి.టి.కి వెళ్ళి, విజయన్, భూటియాలతో కలిసి 1996-97లో మొట్టమొదటి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ గెలిచాడు. ఒక ఏడాది ఎఫ్.సి. కొచ్చిన్‌కు ఆడి, నేను కలకత్తా వెళ్ళిన 1998లోనే తిరిగి ఈస్ట్ బెంగాల్‌కు వచ్చాడు. 1995 నుంచి 2001 దాకా భారత జట్టుకు ఆడాడు. 1997లో శాఫ్ కప్ గెలిచిన మన జట్టుకు ఆయనే కెప్టెన్.

సాల్ట్ లేక్ స్టేడియంలో ఆయన ఆట చాలాసార్లు చూశాను. మొదట్లో నా కళ్ళు బంతి వెంటే పోయేవి. పక్కన కూర్చున్న మా హెడ్ క్లర్కు, "రావుదా, బంతిని చూడకండి. బంతి రాకముందు చాప్‌మన్ ఎటు చూస్తున్నాడో చూడండి" అన్నాడు. అలా చూశాక ఆటే మారిపోయింది. బంతి కాలికి తగలకముందే, దాన్ని ఎక్కడికి పంపాలో ఆయన లెక్క వేసుకునేవాడు. చుట్టూ అంత గోలలోనూ తొందరపాటు ఉండేది కాదు. బంతి పోతే తల దించుకుని నిలబడడు, తానే వెనక్కి పరుగెత్తి తెచ్చుకుంటాడు.

2000-01 సీజన్లో ఆయన కెప్టెన్సీలోనే ఈస్ట్ బెంగాల్ మొదటిసారి నేషనల్ లీగ్ గెలిచింది. రెండో స్థానంలో నిలిచింది మోహన్ బగాన్. తేడా ఒక్క పాయింటు! ఆ వారం మా బ్రాంచిలో సగం మందికి పండుగ, సగం మందికి తద్దినం. ఆ 2001లోనే ఆయన ఆట నుంచి రిటైరయ్యాడు. తర్వాత తాను చదువుకున్న టాటా అకాడమీలో, షిల్లాంగు రాయల్ వహింగ్‌డోలో, ఇంకా ఇతర చోట్ల పిల్లలకు ఆట నేర్పాడు.

2020 అక్టోబరు 12, సోమవారం తెల్లవారుజామున బెంగుళూరు ఆసుపత్రిలో గుండెపోటుతో కన్నుమూశాడు. వయసు 49. ఈస్ట్ బెంగాల్‌కు నూరేళ్ళు నిండిన ఏడాది అది. కరోనా రోజులు, నలుగురు కలిసి కూర్చుని ఏడ్చే వీలు కూడా లేదు. ఆ రోజు నాకు కలకత్తా నుంచి మూడు ఫోన్లు వచ్చాయి. తమ ఇంటి మనిషి పోతే మా ఊళ్ళో ఉన్న నన్ను పరామర్శించినట్టు మాట్లాడారు. ఒకాయన ఇరాక్ జట్టుపై మూడు గోల్సు ఒక్కొక్కటీ వర్ణించాడు. మా హెడ్ క్లర్కు గోల్సు ఊసే ఎత్తలేదు, పాసులు చెప్పాడు. మూడో ఫోను మోహన్ బగాన్ అభిమాని అయిన మా పాత క్యాషియరుది. "మా మీద ఆడినప్పుడల్లా తిట్టుకున్నాను. మా జట్టులో లేడే అనే దుగ్ధతోనే తిట్టాను" అన్నాడు. ప్రత్యర్థి నోట వచ్చిన ఆ మాటను మించిన కితాబు ఏముంటుంది?

ఇక్కడ బెంగుళూరులో మాత్రం మా వీధిలో ఆ రోజు నేను ఆ పేరు చెబితే, ఎవరాయన అని అడిగారు. నాకు మనసు చివుక్కుమంది. తరవాత ఆలోచిస్తే ఇంకో సంగతి తోచింది. తరతరాలుగా పరాయి రాష్ట్రాల్లో ఉంటున్న మన తెలుగువాళ్ళం, మనం ఇక్కడివాళ్ళమా, అక్కడివాళ్ళమా అని అప్పుడప్పుడు కొట్టుమిట్టాడుతుంటాం. పుట్టిన ఊరు మనిషికి దానంతటదే దొరుకుతుంది. కాని పని చేసిన ఊరు తనవాడని చెప్పుకోవాలంటే, అక్కడ పదిమందికి చేతికందేలా ఏదో ఒకటి ఇచ్చి ఉండాలి. చాప్‌మన్ ఇచ్చాడు. అందుకే ఆయన భాష కాని ఊళ్ళో ఆయన పేరు నిలిచింది.

మన సంఘం ఏటా జరిపే ఆటల పోటీల్లో గెలిచిన జట్టుకు, ఎక్కువ గోల్సు వేసిన పిల్లవాడికి కప్పులు ఇస్తున్నాం. వచ్చే ఏడు నుంచి మంచి పాసులు అందించిన పిల్లవాడికో పిల్లకో కూడా ఒక చిన్న కప్పు ఇద్దామని కార్యవర్గానికి నా మనవి. ఖర్చు భారమనుకుంటే మొదటి కప్పు నేనే కొనిస్తాను.