పాత చింతకాయ పచ్చడి, పాత బోర్డో వైన్: ఏళ్లు గడిస్తే రుచి ఏమవుతుంది?

పోయిన ఎపిసోడ్ చూసి ఒకాయన అడిగారు: "ముప్పై నలభై ఏళ్లు దాచిన ఫ్రెంచి వైన్‌ని లక్షలు పోసి కొంటారు కదా, అసలు అది ఎలా ఉంటుంది? మన గుంటూరోళ్లకి అర్థమయ్యేలా చెప్పండి" అని. చెప్తాను. కాకపోతే సీసా దగ్గర కాదు, జాడీ దగ్గర మొదలుపెడతాను.

మనం ఏదైనా పాతబడిపోతే "పాత చింతకాయ పచ్చడి" అని తీసిపారేస్తాం. అలా అనేవాళ్లలో ఎంతమంది దాన్ని తిన్నారో నాకు అనుమానమే. మా అమ్మమ్మది పర్చూరు వైపు, నల్లరేగడి ఊరు. చుట్టూ పత్తి, మిరప. పుష్యమాసంలో చింతకాయలు ఇంకా పచ్చిగా ఉండగానే కోయించి, కడిగి ఆరబెట్టి, రాళ్లుప్పు, పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా తొక్కేది. మూడో రోజు గింజలు, ఈనెలు, పీచు ఏరేసి, మళ్లీ మెత్తగా తొక్కి జాడీకెత్తి, వాసెన కట్టి, అటక మీద పెట్టించేది. ఒక్క సంగతి గమనించండి. ఇంటి నిండా మిరపకాయలున్నా ఆ జాడీలో ఒక్కటి కూడా వేసేది కాదు. ఎందుకో తర్వాత చెప్తాను.

మొదటి నెలలో ఆ తొక్కు పచ్చగా ఉంటుంది. తింటే పళ్లు పులిసిపోతాయి, వెనకాలే వగరు నాలుకని పట్టేస్తుంది. ఏడాదికి గోధుమరంగుకి తిరుగుతుంది. మూడు నాలుగేళ్లకి నల్లగా, జిగురుగా అవుతుంది. పులుపు ఎక్కడికీ పోదు. కానీ పొడవడం మానేస్తుంది. వగరు తగ్గాక దాని కింద ఇంకేదో రుచి ఉందని అప్పుడు తెలుస్తుంది.

పులుపు ఎందుకు పోదంటే, చింతకాయలో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లం. అది గట్టి పిండం, సూక్ష్మజీవులు చాలావరకు దాన్ని అరిగించుకోలేవు. పైన ఉప్పు కాపలా. ఇప్పుడు అసలు సంగతి వినండి. ద్రాక్షపండులో ముఖ్యమైన ఆమ్లం కూడా ఇదే! పాత వైన్ సీసా అడుగున, బిరడాకి అంటుకుని గాజుపెంకుల్లా మెరిసే పలుకులు కనిపిస్తాయి. అవి ఈ ఆమ్లం తాలూకు పొటాషియం లవణమే. చింతపండులోనూ ఆ లవణం ఉంటుంది.

బోర్డో ఫ్రాన్సుకి నైరుతి మూల. అక్కడ ఎర్ర వైన్‌కి వాడేది ఎక్కువగా కాబెర్నే సావిన్యోన్, మెర్లో అనే ద్రాక్షలు. రసాన్ని తొక్కలతో, గింజలతో కలిపి పులియబెడతారు కాబట్టి వగరు బాగా దిగుతుంది. ఆ వగరునే టానిన్ అంటారు. మంచి రకం వైన్ కొత్తలో ముదురు ఊదారంగులో ఉంటుంది, తాగితే నోరు పిడచకట్టుకుపోతుంది. పన్నెండు పదమూడు డిగ్రీల చల్లటి నేలమాళిగలో పడుకోబెడితే, ఏళ్ల తరబడి ఆ టానిన్లు ఒకదాన్నొకటి పట్టుకుని, రంగునిచ్చే పదార్థాల్ని కూడా కలుపుకుని, బరువెక్కి మడ్డిగా అడుక్కి దిగుతాయి. అందుకే మన పచ్చడి నల్లబడితే, ఆ వైన్ రంగు పలచబడి ఇటుకరంగుకొస్తుంది. దారులు ఎదురెదురు. నోటికి జరిగేది మాత్రం ఒకటే, కోరలు ఊడతాయి.

నేను తాగింది ఒక్కసారే. న్యూజెర్సీలో మా బావ 1986 నాటి సీసా తీశాడు. మడ్డి కదలకుండా మెల్లగా వంపాడు. మొదట ఏ వాసనా లేదు, మోసపోయాం అనుకున్నా. పది నిమిషాలాగి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ తలుపు తీసినట్టుంది! కాల్చిన పొగాకు కాదండీ, మగ్గిన ఆకు వాసన. తర్వాత తొలకరికి తడిసిన ఎండుటాకులు, వాడి వాడి మెత్తబడ్డ తోలు. పండు వాసన ఎక్కడో దూరంగా, ఎండిన నేరేడు పండులాగా. తియ్యదనం లేదు. మింగాక మాత్రం చాలాసేపు నోట్లోనే ఉంది. గంట దాటాక చూస్తే నీళ్లు నీళ్లు. అంత పాతది గాలి తగిలితే ఎక్కువసేపు నిలబడదు.

అయితే అన్నీ అలా మాగుతాయా? మాగవు. బజార్లో దొరికే వైన్‌లో చాలా భాగం రెండు మూడేళ్లలో తాగేయాల్సిందే. మొదట్లో సరిపడా పులుపు, వగరు లేనిది ముసలిదవుతుందే తప్ప మాగదు. మన మిర్చి సంగతే చూడండి. గుంటూరు యార్డులో ఏసీ సరుకుకి వేరే ధర ఎందుకు పలుకుతుంది? ఎరుపునిచ్చే పదార్థం వెలుతురుకీ గాలికీ వెలిసిపోతుంది. కోల్డ్ స్టోరేజీ ఆ వెలవడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. కారం చాలాకాలం నిలుస్తుంది గానీ, రంగూ వాసనా తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. రైతు టిక్కీలు లోపల పెట్టేది ధర కోసం, రుచి కోసం కాదు. అమ్మమ్మ జాడీలో మిరపకాయ వేయకపోవడానికి కారణం ఇదే. కావాల్సిన రోజు గుప్పెడు తొక్కు తీసి, ఆ ఏటి ఎండుమిర్చి వేయించి, వెల్లుల్లితో నూరి పోపు పెట్టేది. పాతది పాతగా, కొత్తది కొత్తగా.

అమ్మమ్మ చివరిసారి తొక్కింది 2015లో. ఆ చిన్న జాడీని మా అమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. "అయిపోతే మళ్లీ ఎవరు తొక్కుతారు?" అనేది. వైన్ దాచుకునేవాళ్ల బాధా ఇదే. ఇంకా బాగుంటుందేమోనని ఆగుతారు, తీసేసరికి చచ్చి ఉంటుంది. పోయిన నెల మా చెల్లెలి కూతురు ప్రసవించింది. బాలింతకి పాత చింతకాయ పచ్చడి పెట్టడం మా వైపు ఆనవాయితీ, వైద్యం అని నేననను. అమ్మే వెళ్లి వాసెన విప్పింది. అంచుల్లో బిరుసెక్కింది, మధ్యలో మాత్రం తారులాగా నిగనిగలాడుతోంది. వేడన్నంలో నెయ్యేసి కలిపాం. నాకొచ్చింది ఒక్క ముద్ద. పులుపు మెల్లగా వచ్చింది, మెల్లగా పోయింది. న్యూజెర్సీ గ్లాసులాగే.

జాడీ కడిగి ఎండబెట్టాం. ఈ పుష్యానికి కాయ మాట్లాడి ఉంచాను. రోలు పట్టేది నేనే, పక్కన కూచుని ఉప్పు చెప్పేది అమ్మ. అదంతా వీడియో తీస్తాను. ఉంటానండీ.