సహాయధనము – దాని ఫలము

ఆదివారము అబిడ్సు కాలిబాటపై పిల్లల పుస్తకములకు బేరమాడు తండ్రిని ఊహింపుడు. అవి బడిలో ఊరకే ఇత్తురని తెలిసినచో ఆయన కొనునా? కొనడు. విదేశ సహాయపు లెక్కలను తారుమారు చేయునది ఈ చిన్న సంగతియే.

2005లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశపు గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో రాష్ట్రప్రభుత్వము, ప్రపంచబ్యాంకు, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి ఒక ప్రయోగము మొదలిడినవి. బ్రిటిషు ప్రభుత్వపు సహాయశాఖయు ధనమిచ్చినది. చీట్లు తీసినట్లు ఎన్నిన 100 బడులకు విద్యార్థి ఒక్కింటికి ఏటికి సుమారు 3 డాలర్ల నిధి ఇచ్చిరి. మరి 100 బడులకు ఈయలేదు. (ఈ రెండవ జట్టు లేనిదే పోలిక లేదు. దీనిని మరచు నివేదికలు నేటికిని కలవు.) నిధిలో అధికభాగము నోటుపుస్తకములకు, వ్రాతసామగ్రికి పోయినది.

మొదటి ఏట నిధి అనుకోకుండ వచ్చినది, మార్కులు పెరిగినవి. రెండవ ఏట తల్లిదండ్రులు ముందే ఎరిగియుండి తమ ఖర్చు తగ్గించుకొనిరి. మార్కులలో అదనపు పెరుగుదల కానరాలేదు. పుస్తకములు మాత్రము లెక్కప్రకారము పంచబడినవి!

సొమ్ము వృథాయైనదా? కాలేదు, ఆ మేరకు బీదకుటుంబమునకు మిగిలినది. కాని చదువుకై ఇచ్చినదానిని చదువుతోనే కొలువవలెను గదా. ఆ ప్రయోగములోనే ఇంచుమించు అంతే ఖర్చుతో, పిల్లల ప్రగతినిబట్టి ఉపాధ్యాయులకిచ్చిన బోనసు రెండేండ్లలో ఇంతకంటె ఎక్కువ చదువును తెచ్చినది.