బంతి కంటే ముందు చోటు

పిల్లలు జపాను బొమ్మల కథలు, అదే మాంగా, పట్టుకు కూర్చుంటే "ఆ బొమ్మలేంటి, పుస్తకం తియ్యి" అంటుంటాం కదా. వాటిలో ఆట ఎంత నిజమో ఈవేళ చూద్దాం.

తకెహికో ఇనోవే 1990 నుంచి 1996 దాకా గీసిన 'స్లామ్ డంక్' హైస్కూలు బాస్కెట్‌బాల్ కథ. నాయకుడు సకురాగికి మొదట ఆటే రాదు. అతన్ని జట్టుకు పనికొచ్చేలా చేసింది రీబౌండ్. గురితప్పిన బంతిని అందుకోవడానికి ఎగరడం ఒక్కటే చాలదు. ముందుగా ప్రత్యర్థిని వీపుతో అడ్డుకుని, రింగు దగ్గర చోటు సంపాదించాలి. దీన్నే బాక్స్ అవుట్ అంటారు.

సన్నో జట్టుతో ఆటలో ప్రత్యర్థులు కోర్టంతా ముట్టడించి, తేడాను 20 పాయింట్లు దాటిస్తారు. అప్పుడు కోచ్ అన్జయ్ లెక్క చెబుతాడు: మనవాళ్ల గురి తప్పిన బంతి మనకే దక్కితే, ప్రత్యర్థికి రావలసిన 2 పోయి, మనకు 2 వచ్చే అవకాశం, అంటే 4 పాయింట్ల విలువ!

క్షణంలో జరిగే ఆట పేజీలకు పేజీలు సాగుతుంది, నిజమే. కానీ ఫలితంలో మాయ లేదు. ఒక్క పాయింటుతో గెలిచిన ఆ జట్టు, సకురాగి వెన్ను దెబ్బతో, అలసటతో, తర్వాతి ఆటలో చిత్తుగా ఓడిపోతుంది.

ఇనోవే స్వయంగా తీసిన 2022 నాటి సినిమాలోనూ ఈ ఆటే ఉంది. పిల్లలతో కలిసి చూడండి. "ఇప్పుడెందుకు అక్కడ నిలబడ్డాడు?" అని అడగండి. వాళ్లే మీకు పాఠం చెబుతారు.