మీకు తెలుసా? వేలంలో డిఫెండర్‌దే పైచేయి

హైదరాబాద్‌కు హాకీ ఇండియా లీగ్‌లో ‘తూఫాన్స్’ అనే జట్టుంది. 2024 అక్టోబరు వేలంలో ఈ జట్టు రూ.68 లక్షలు పెట్టి కొన్నది ఫార్వర్డ్‌ను కాదు, గొంజాలో పెయిలట్ అనే డిఫెండర్‌ను. అర్జెంటీనాకు 2016 రియో ఒలింపిక్ స్వర్ణం, జర్మనీకి 2023 ప్రపంచకప్ అందించిన జట్లలో అతను ఉన్నాడు. అదే వేలంలో అత్యధిక ధర పలికిన హర్మన్‌ప్రీత్ సింగ్ (రూ.78 లక్షలు) కూడా డిఫెండరే!

కారణం డ్రాగ్ ఫ్లిక్. పెనాల్టీ కార్నర్‌లో బంతిని స్టిక్‌కు ఆనించి ఈడ్చుకొచ్చి విసిరే ఈ విద్యలో ఆరితేరినవాళ్లు చాలామంది డిఫెండర్లే. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్లో తూఫాన్స్‌ను 4-3తో ఓడించిన బెంగాల్ టైగర్స్‌కు హ్యాట్రిక్ కొట్టిపెట్టిన జుగ్‌రాజ్ సింగ్ కూడా ఆ కోవకే చెందుతాడు.

2024-25 సీజన్‌లో లీగ్‌లోని ప్రతి జట్టులో 24 మంది ఉన్నారు. వారిలో కనీసం నలుగురు భారత జూనియర్లు ఉండి తీరాలన్నది అప్పటి నిబంధన. అందుకే కుర్రాళ్ల ఎంపిక కీలకమైంది. అయితే డిఫెండర్లలో ఫ్లిక్ ఒక్కటే చూస్తే సరిపోదు. సొంత గోల్ ముందున్న ‘డి’ ప్రాంతంలో బంతి డిఫెండర్ కాలికి తగిలినా ప్రత్యర్థికి పెనాల్టీ కార్నర్ దక్కవచ్చు. అందుకని తొందరపడి స్టిక్ చాచకుండా, మోకాళ్లు వంచి, ఫార్వర్డ్‌ను పక్క గీత వైపు నెట్టుకుంటూ వెళ్లే ఓపికే నా దృష్టిలో కుర్ర డిఫెండర్‌కు అసలు అర్హత.